నమోదుకాని మాటలు

చంపావతి విశ్వవిద్యాలయం గ్రామీణాభివృద్ధిలో ఎం.ఏ. కోర్సును మిశ్రమ బోధనా పద్ధతిలో మొదలుపెట్టింది. చేరినవాళ్లంతా చుట్టుపక్కల మండలాల్లో ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్లే. పాఠాలు ఇంటి దగ్గరే ఫోన్‌లో వింటారు. విన్న పాఠం మీద ‘చర్చావేదిక’ అనే వెబ్‌సైటులో రాతపూర్వకంగా చర్చిస్తారు. నెలకో ఆదివారం మాత్రం విశ్వవిద్యాలయానికి వచ్చి ఒకరినొకరు ప్రత్యక్షంగా కలుసుకుంటారు. ఆన్‌లైనూ ప్రత్యక్షమూ పాలూ నీళ్లలా కలిసిపోవాలని ఉపకులపతిగారు ప్రారంభోత్సవంలో ఆకాంక్షించారు. అందులో ఏది పాలో, ఏది నీళ్లో ఆయన చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

ఈ కోర్సుకు పాఠాలు చెప్పే బాధ్యత గేదెల హైమావతిది. ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం. ఏటా వేసవిలో కాంట్రాక్టు పొడిగిస్తారో లేదోనని ఎదురుచూడటం ఆమెకు అలవాటైపోయింది. ఆమె పైఅధికారి మిశ్రమ బోధనా విభాగం డైరెక్టరు, ఆచార్య ఇసుకపల్లి దక్షిణామూర్తి. దక్షిణామూర్తిగారు నిజాయితీపరుడు. ఆఫీసు కారును సొంత పనికి ఎప్పుడూ వాడలేదు. ఆఫీసు కలంతో సొంత ఉత్తరం రాసుకోలేదు. నిబంధన అంటే ఆయనకు భయంకన్నా భక్తి ఎక్కువ.

చర్చ ఎలా సాగుతోందో కొలవడానికి ఆయన ‘చర్చామాపకం’ అనే సాఫ్ట్‌వేరు తయారు చేయించారు. ఎవరెన్ని వ్యాఖ్యలు రాశారు, ఎంత తొందరగా రాశారు, ఎంతమంది ఏకీభవించారు అన్నది అది లెక్కగట్టి, ఆయన బల్ల మీది తెరపై ఒక ముల్లు చూపిస్తుంది. ముల్లు ఆకుపచ్చ గడిలో ఉంటే చర్చ ఆరోగ్యంగా ఉన్నట్టు. ఎర్రగడిలోకి వెళితే జబ్బు చేసినట్టు.

మొదటి నెల చర్చ చాలా ఆరోగ్యంగా ఉంది. వేదికలో పేర్లు కనిపించవు, హాల్‌టికెట్ నంబర్లే కనిపిస్తాయి. హైమావతి “గ్రామ నిర్మాణాల్లో ప్రజల భాగస్వామ్యం ఎంత?” అని అడిగింది. ఒక నంబరు పాఠ్యపుస్తకంలోంచి పెద్ద పేరా ఎత్తి రాసి, చివర తమ పంచాయతీ నీలంవలసలో ప్రజల భాగస్వామ్యంతో అంగన్‌వాడీ భవనం కట్టిందని ఒక వాక్యం చేర్చింది. దాని కింద మరో నంబరు “చక్కగా చెప్పారు, ఏకీభవిస్తున్నాను” అంది. ఆ కింద వరసగా అన్ని నంబర్లూ ఏకీభవించాయి. ఒకసారి హైమావతి ఇంటికి పంపాల్సిన సందేశాన్ని పొరపాటున అక్కడ పెట్టేసింది: “వచ్చేటప్పుడు కందిపప్పు తీసుకురండి.” అది తుడిపేసేలోపే తరగతి మొత్తం దానితో ఏకీభవించింది. ముల్లు ఇంకాస్త ఆకుపచ్చలోకి జరిగింది.

దక్షిణామూర్తిగారు ఆమెను పిలిపించి అభినందించారు.

“ఏకీభావ శాతం సంపూర్ణంగా ఉన్నది. ఏడాది చివర్లో మూల్యాంకన బృందం వచ్చినప్పుడు ఇదే స్థితి కొనసాగవలెను” అన్నారు.

“కొనసాగుతుంది సార్,” అంది హైమావతి. ఆమెకు ఆ మాట అన్నందుకు లోపల చిన్నతనంగా అనిపించింది గానీ, కాంట్రాక్టు గుర్తొచ్చి ఊరుకుంది.

మొదటి ప్రత్యక్ష సమావేశం ఆదివారం ఉదయం జరిగింది. దక్షిణామూర్తిగారు ‘ముఖాముఖి సమావేశాల ఆవశ్యకత’ అనే అంశం మీద, ఎవరి ముఖమూ చూడకుండా, తెర మీది స్లైడ్లు చదవడం మొదలుపెట్టారు. సగంలో కరెంటు పోయింది. స్లైడ్లు లేకుండా ఉపన్యాసం అసంపూర్ణమవుతుందని చెప్పి, జనరేటరు సంగతి కనుక్కోవడానికి ఆయన వెళ్లిపోయారు. గదిలో ఉక్కపోత భరించలేక విద్యార్థులంతా వరండాలోకి వచ్చారు.

వాళ్లలో రొంగలి కుమారి ఉంది. నీలంవలసలో అంగన్‌వాడీ టీచరు. సూపర్‌వైజరు పోస్టుకు పనికొస్తుందని ఈ కోర్సులో చేరింది. ఆమె తెచ్చుకున్న దబ్బకాయ పులిహోర కారియరు మూత తీసి పక్కవాళ్లకు పెడుతుంటే, ఎదురుగా ఎవరున్నారో చూసి ఆగిపోయింది. ఆయన లెంక అప్పలస్వామి, ఆమె ఊరి పంచాయతీ కార్యదర్శి. ఆయన మీటింగుల్లో ఆమె ఎప్పుడూ వెనకవరసలో కూర్చుని తలూపే మనిషే.

“మీరూ ఇదే కోర్సేటి, సెక్రటరీగారూ?” అంది.

“ప్రమోషన్‌కి డిగ్రీ అడుగుతున్నారమ్మా. నువ్వు కూడానా? మంచిదే.”

“అయితే నీలంవలస భవనం గురించి పెద్ద పేరా రాసింది మీరేనేటి?”

“నేనే. నువ్వు ఏకీభవించే ఉంటావు కదా.”

కుమారి ఆయన వైపు చూసింది. ఆయన చేతిలో పులిహోర ఆకు ఉంది. ఆయన నేల మీద కూర్చుని ఉన్నాడు. కుర్చీ లేదు, బల్ల లేదు, బల్ల మీద పూలగుత్తి లేదు.

“ఎవరో నంబరు కదాని ఏకీభవించీసేను. మీరని తెలిస్తే అలాగ రాసేదాన్ని కాదు” అంది.

“మరేటి రాసేదానివి?”

“భవనం రోడ్డవతల కట్టేరు. రోజంతా లారీలు తిరిగే రోడ్డు. కాలనీ తల్లులు పిల్లల్ని పంపడం మానీసేరు. లోపల టైల్స్ బాగున్నాయండి, కాదనను. వాటి మీద నడిచే పిల్లలే లేరు.”

అప్పలస్వామి చెయ్యి నోటిదాకా వెళ్లి ఆగింది. “ప్రభుత్వ స్థలం అక్కడే ఉంది. నేనేటి చెయ్యను? రోడ్డుని మోసుకెళ్లి ఇంకో దగ్గర పెట్టనా?”

పక్కనే పులిహోర తింటున్న బెవర సింహాచలం మధ్యలోకి వచ్చాడు. అతను ఆర్టీసీ కండక్టరు. “మా రూట్లో బస్ షెల్టరూ అంతే సెక్రటరీగారూ. షెల్టరు ఒక దగ్గర, జనం ఇంకో దగ్గర. ఎండలో నిలబడతారు గానీ అక్కడికి రారు. ఎందుకు రారో వాళ్లని అడగాల కదా.”

“నువ్వు అడిగేవా?”

“నేనూ అడగలేదండి. రోజూ చూస్తన్నాను. ఇప్పుడే తట్టింది.”

కరెంటు వచ్చిందని చెప్పడానికి వరండాలోకి వచ్చిన హైమావతి ఆ మాట చెప్పడం మరిచిపోయి గోడకు ఆనుకుని నిలబడింది. తన విద్యార్థులు మాట్లాడుకోవడం ఆమె వినడం అదే మొదలు.

ఆ వారం చర్చావేదిక రూపం మారిపోయింది. వ్యాఖ్యలు తగ్గాయి. ఉన్నవి పొడుగయ్యాయి. కుమారి కాలనీ ఇంటింటికీ వెళ్లి తల్లుల్ని అడిగి వచ్చి, వాళ్లన్న మాటలు రాసింది. అప్పలస్వామి దానికి నొచ్చుకుంటూ సమాధానం రాశాడు. రెండురోజులు ఆలోచించి, “నిన్న రాసినది తొందరపాటు” అని ఇంకోటి రాశాడు. ఇద్దరికీ సర్దిచెప్పబోయిన సింహాచలం ఇద్దరితోనూ మాటపడ్డాడు. ఇన్నాళ్లూ ఏకీభవించి ఊరుకున్నవాళ్లు, వరండాలో ఆ గొడవ చూశాక, తమ ఊళ్ల సంగతులు బయటపెట్టడం మొదలుపెట్టారు. అంతా చదివేసరికి హైమావతి పొయ్యి మీది పాలు పొంగిపోయాయి.

దక్షిణామూర్తిగారి తెర మీద ముల్లు ఎర్రగడిలో పడింది.

ఆయన హైమావతిని పిలిపించారు. బల్ల మీద కాగితాలు పరిచి ఉన్నాయి. ఆయన ముఖంలో కోపం లేదు. బిడ్డకు జ్వరమొచ్చిన తండ్రిలా ఉన్నారు.

“కూర్చోండి హైమావతిగారూ. సమావేశమునకు పూర్వం ఏకీభావం సంపూర్ణం. సమావేశానంతరం తీవ్రమైన క్షీణత. దీనిని బట్టి మనం గ్రహించవలసినది ఏమిటి?”

“కలుసుకున్నాక నిజంగా చర్చించుకుంటున్నారు సార్. ఒకరి ముఖం ఒకరికి తెలిసింది. అందుకే ధైర్యంగా రాస్తున్నారు.”

“ధైర్యమునకు మాపకంలో గడి లేదు.” ఆయన ఒక కాగితం తీసి చూపించారు. “ఇది చూడండి. ‘మీరు వరండాలో అన్నట్టు’ అని ఒకరు, ‘వరండాలో తేలినదాని ప్రకారం’ అని ఇంకొకరు. ఈ వరండా అను గ్రంథం ఏది? మన గ్రంథసూచికలో లేదు.”

“గ్రంథం కాదు సార్. మన వరండాయే. కరెంటు పోయినప్పుడు అక్కడ మాట్లాడుకున్నారు.”

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. “అనగా, చర్చలో కొంత భాగం వేదిక వెలుపల జరుగుచున్నది. నమోదు అయినది చర్చ. నమోదు కానిది కబుర్లు. కబుర్ల ఆధారంగా పట్టా ఎట్లా ఇవ్వగలం?”

హైమావతి ఏదో చెప్పబోయింది. ఆయన చెయ్యెత్తి, “మీ తప్పేమీ లేదు. కరెంటు తప్పు” అన్నారు దయగా.

మర్నాడు సర్క్యులరు వచ్చింది. “ప్రత్యక్ష సమావేశములు మిశ్రమ విద్యకు ప్రాణప్రదములు కనుక అవి యథావిధిగా జరుగును. అయితే వాటి మూలమున ఆన్‌లైన్ చర్చ కలుషితము కాకుండుటకై, సమావేశమునందు విద్యార్థులు పరస్పరం నోటితో సంభాషింపరాదు. చెప్పదలచినది ఏదైనను అదే గదియందు కూర్చొని, అదే సమయమున, చర్చావేదికలో టైపు చేయవలెను.”

రెండో సమావేశానికి అందరూ వచ్చారు. హాజరు తప్పనిసరి. కుర్చీలు ఒకదానికొకటి వీపు ఆనేలా వేశారు. ముఖకవళికలు కూడా నమోదు కాని సమాచారమేనని దక్షిణామూర్తిగారు గుర్తించారు. పరీక్షల విభాగం నుంచి ఇద్దరు పరిశీలకులు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. హైమావతి గది ముందు బల్ల దగ్గర కూర్చుని “అందరికీ నమస్కారం” అని టైపు చేసింది. అందరి ఫోన్లూ ఒకేసారి కూశాయి. అంతమంది ఒకే గదిలో ఒకే వైఫై మీద పడేసరికి దానికి ఊపిరాడలేదు. పక్కకుర్చీ మనిషి రాసిన మాట ఎక్కడెక్కడో తిరిగి, టీ చల్లారిపోయేంత సేపటికి వచ్చేది. సింహాచలం మంచినీళ్లు కావాలని వేదికలో రాశాడు. చాలాసేపటికి వచ్చిన జవాబు: “చక్కటి అంశం. ఏకీభవిస్తున్నాను.”

కుమారి తలొంచుకుని ఏదో టైపు చేస్తోంది. తుడుస్తోంది. మళ్లీ చేస్తోంది. కాసేపటికి హైమావతి ఫోన్‌లో ఆ ముక్క కనిపించింది.

“పిల్లలు రావడం లేదని మా సెంటరును పక్కూరి సెంటరులో కలిపేస్తున్నారట. కాగితం వచ్చింది. నాకేం చెయ్యాలో తెలియడం లేదు.”

హైమావతి తలెత్తింది. కుమారి భుజాలు కదులుతున్నాయి. ఆమెకు సరిగ్గా వెనక, వీపు ఆనించి అప్పలస్వామి కూర్చుని ఉన్నాడు. అతనూ ఫోన్ చూస్తున్నాడు. చదివాడని హైమావతికి తెలుస్తోంది. అతను వెనక్కి తిరగబోయాడు. పరిశీలకుడు గొంతు సవరించుకున్నాడు. అప్పలస్వామి ముందుకు తిరిగి గబగబా టైపు చేయడం మొదలుపెట్టాడు. చాలాసేపు చేశాడు. పంపగానే నెట్‌వర్క్ పోయింది. రాసినదంతా పోయింది. ఆ సాయంత్రం దాకా కుమారి మాట కింద మిగిలింది ఒకే ఒక్క వ్యాఖ్య. ఎవరో అలవాటు కొద్దీ రాసింది: “నేను కూడా.”

హైమావతి ఆ రోజు కుర్చీలోంచి లేచి కుమారి దగ్గరికి వెళ్లలేదు. పరిశీలకుల నివేదిక తన కాంట్రాక్టు ఫైలులోకి వెళుతుందని ఆమెకు తెలుసు. ఇంటికి వెళ్లి అన్నం తినలేకపోయింది.

ముల్లు తిరిగి ఆకుపచ్చలోకి వచ్చింది.

విశ్వవిద్యాలయం గేటు దగ్గర బస్సెక్కేవాళ్లలో ఎక్కువమంది ఒకే దారి వాళ్లు. సింహాచలం ఉదయం తన సర్వీసును పట్నం చేర్చి, ఖాళీలో తరగతికి వచ్చి, సాయంత్రం అదే రూటు బస్సులో డ్యూటీ ఎక్కేవాడు. ఆ సాయంత్రం కుమారి బస్సెక్కి కిటికీ పక్కన కూర్చోగానే అప్పలస్వామి వచ్చి ముందుసీటులో కూర్చుని, వెనక్కి తిరిగాడు.

“అమ్మా, నేను పెద్దదే రాసేను. ఎగిరిపోయింది.”

“ఏటి రాసేరు?”

“ఏటని చెప్పను, అంతా చెప్తాను విను.”

అతను చెప్పడం మొదలుపెట్టాడు. తోటివాళ్లు దగ్గరికి జరిగారు. సింహాచలం టిక్కెట్లు కొట్టేసి డ్రైవరు వెనకాల నిలబడి విన్నాడు. బస్సు నీలంవలస చేరేసరికి కలిపేసే కాగితానికి అభ్యంతరం ఎలా రాయాలో కుమారికి తెలిసింది. ఏమీ పరిష్కారం కాలేదు గానీ, ఆమె బస్సు దిగుతూ నవ్వింది.

చర్చావేదికలో మళ్లీ పొడవాటి వ్యాఖ్యలు వచ్చాయి. వేదిక వెలుపలి మాటలను పసిగట్టడం కూడా ఈమధ్యే నేర్పించిన చర్చామాపకం “బస్సులో అనుకున్నట్టు” అన్న ముక్కను ఇట్టే పట్టేసింది. రెండో సర్క్యులరు వచ్చింది: ఒకే కోర్సుకు చెందిన విద్యార్థులు ఒకే బస్సునందు ప్రయాణింపరాదు.

సింహాచలం టోపీ చేత్తో పట్టుకుని డైరెక్టరుగారి గదికి వెళ్లాడు.

“సార్, ఆ బస్సు కండక్టర్ని నేనే. వాళ్లని ఎక్కించుకోకపోతే మా డిపోవాళ్లు మెమో ఇస్తారు. ఎక్కించుకుంటే మీరిస్తారు. నేనేటి చెయ్యాలి?”

దక్షిణామూర్తిగారు దాన్ని తేలిగ్గా తీసుకోలేదు. చాలాసేపు ఆలోచించారు. “ప్రయాణికుని ఎక్కించుకొనుట మీ ఉద్యోగధర్మం. దానికి మేము అడ్డురాము. టిక్కెట్టునకు సంబంధించిన సంభాషణ మేరకు మినహాయింపు ఇవ్వవచ్చును. ‘ఎక్కడికి’, ‘చిల్లర’ అను రెండు పదములు.”

“చిల్లర లేదంటే, సార్?”

“‘లేదు’ అను పదం కూడా చేర్చుదాం.”

“మరి తిరిగి ఇవ్వాల్సినది దిగేటప్పుడు ఇస్తానని చెప్పాలి కదండి.”

ఆయన కలం పక్కన పెట్టారు. “అది సంభాషణ అవుతుంది” అన్నారు బాధగా.

బస్సులో ఏం జరుగుతోందో ఎవరో వెళ్లి చూడాలి. పరీక్షల విభాగం పరిశీలకులు ఆదివారం భత్యం గేటు వరకేనని, గేటు బయట తమకు అధికారం లేదని రాసి ఇచ్చారు. తాను విధించిన నిబంధన అమలవుతోందో లేదో తెలియకుండా కూర్చోవడం దక్షిణామూర్తిగారికి సాధ్యం కాదు. మూడో సమావేశం ముగిశాక, ఆయన గేటు దగ్గర సాయంత్రం బస్సెక్కారు. గుర్తుపట్టకుండా నల్లకళ్లద్దాలు పెట్టుకుని, చివరిసీటులో కూర్చున్నారు.

“ఎక్కడికి?” అన్నాడు సింహాచలం. ఆయన్ని చూడగానే గుర్తుపట్టాడు.

“బైపాసు.”

“చిల్లర?”

ఆయన సరిపడా చిల్లర ఇచ్చారు.

కుమారి, అప్పలస్వామి దూరదూరంగా కూర్చున్నారు. పాపం కొంతదూరం నోరు మెదపలేదు. కానీ సెంటరును పక్కూరిలో కలిపేసే గడువు దగ్గరపడుతోంది. సీట్ల మీదుగా మాటలు మొదలయ్యాయి.

“కాలనీలో పాత రీడింగ్ రూమ్ ఉందమ్మా,” అన్నాడు అప్పలస్వామి. “తాళమేసి ఉంది. గ్రామసభ తీర్మానం చేస్తే సెంటరుని అక్కడికి మార్చొచ్చు.”

“మరి మార్చరేటి?”

“కొత్త భవనం ఖాళీగా పడుంటే ఆడిట్‌లో నా పీక పట్టుకుంటారు. కట్టించినవాడిని నేనే కదా.”

బస్సు గతుకుల్లో ఊగుతోంది. చివరిసీటులో దక్షిణామూర్తిగారు కిటికీ చువ్వ పట్టుకుని కూర్చున్నారు. ఎప్పుడో యువకుడిగా ఉన్నప్పుడు ఆయన పరిశోధన చేసింది ఇలాంటిదాని మీదే. బడులు ఊరికి దూరంగా కడితే పిల్లలేమవుతారని తెలుసుకోవడానికి సైకిలు మీద ఏజెన్సీ ఊళ్లన్నీ తిరిగారు. ఆ థీసిస్‌ను పరీక్షకులు తప్ప ఎవరూ చదవలేదు. దాని గురించి ఆయన్ని ఇన్నేళ్లలో ఎవరూ ఏమీ అడగలేదు. ఆయన గదికి వచ్చేవాళ్లంతా “అలాగే సార్” అని చెప్పి వెళ్లిపోయేవాళ్లే.

“ఖాళీగా ఎందుకుండాలి?” అన్నారాయన.

అందరూ వెనక్కి తిరిగారు. ఆయన నల్లకళ్లద్దాలు తీశారు. కుమారి లేచి నిలబడబోయింది.

“కూర్చో తల్లీ. రోడ్డు పిల్లలకు అడ్డమే. ఆ రోడ్డు ఎవరికి అవసరమో ఆలోచించండి. వాళ్లకిచ్చెయ్యండి ఆ భవనాన్ని.”

“పాలవాళ్లకి, సారూ,” అన్నాడు సింహాచలం. తనకు అనుమతించిన మాటలు మూడే అన్న సంగతి మరిచిపోయాడు. “పొద్దున్నే కేన్లు పట్టుకుని ఎండలో నిలబడతన్నారు. డెయిరీ బండి అక్కడే ఆగుతుంది.”

“పాల సేకరణకి అంగన్‌వాడీ భవనం ఇవ్వడానికి రూల్ ఒప్పుకోదండి,” అన్నాడు అప్పలస్వామి.

“ఒప్పుకోదని ఎక్కడుంది? నువ్వు చూశావా?” దక్షిణామూర్తిగారి గొంతు పెరిగింది. ఆయన సీటు మారి ముందుకు వచ్చారు. తాను చూసిన ఒక ఊళ్లో ఏం చేశారో చెప్పారు. అప్పలస్వామి కాదన్నాడు. ఆయన అవునన్నారు. కుమారి ఇద్దరినీ కాదంది. బైపాసు వచ్చింది. సింహాచలం విజిల్ వేసి, ఆయన ముఖం చూసి, మళ్లీ వేశాడు. బస్సు ముందుకు సాగింది. ఆయన చివరిస్టాపు దాకా వెళ్లి, అదే బస్సులో వెనక్కి వచ్చారు. బైపాసు నుంచి అవతలి దూరానికి టిక్కెట్టు అడిగి మరీ కొనుక్కున్నారు.

సోమవారం ఆఫీసుకు రాగానే ఆయన తనకు తానే మెమో జారీ చేశారు.

“సదరు డైరెక్టరు గత ఆదివారం బస్సునందు విద్యార్థులతో నమోదు కాని సంభాషణ జరిపినట్లు డైరెక్టరు స్వయముగా గమనించియున్నారు. ఇందుకు సంజాయిషీ ఇవ్వవలెను.” అటెండరు ఆ మెమోను బల్లకు ఇటువైపు తీసుకుని, అటువైపు నుంచి వచ్చి ఆయనకే ఇచ్చి సంతకం తీసుకున్నాడు. మధ్యాహ్నానికి ఆయన సంజాయిషీ రాశారు: “విషయం ఆసక్తికరంగా ఉండుటచే నోరు ఆపుకొనలేకపోయినాను.” సాయంత్రం ఆ సంజాయిషీని పరిశీలించి, సంతృప్తికరముగా లేదని రాసి, విచారణ జరిపించమని రిజిస్ట్రారుకు పంపారు.

రిజిస్ట్రారు లోకం తెలిసిన మనిషి. ఫైలు పట్టుకుని తనే వచ్చాడు.

“వదిలెయ్యండి మాస్టారూ. బస్సులో మాట్లాడితే విచారణేమిటి?”

“విద్యార్థులకు ఒక నిబంధన, నాకొకటా?” అన్నారు దక్షిణామూర్తిగారు. ఆయన ఆ మాటన్న తీరు చూసి రిజిస్ట్రారు ఫైలు తిరిగి తీసుకెళ్లాడు.

విచారణ కమిటీ వేశారు. రిజిస్ట్రారు అధ్యక్షుడు. మరో ఇద్దరు ఆచార్యులు సభ్యులు. అభియోగాలు వినిపించే బాధ్యత హైమావతికి అప్పగించారు. ఆమె విచారణ నియమావళి తీసి చదివింది. సాక్షులు స్వయంగా హాజరై నోటితో చెప్పాలి. జరిగిన సంభాషణను దాచకుండా పూర్తిగా చెప్పాలి. నిందితుడికి ప్రశ్నించే హక్కు ఉంటుంది. ప్రతి మాటనూ స్టెనోగ్రాఫరు నమోదు చేయాలి. ఆమె ఆ పేజీ మళ్లీ ఒకసారి చదివింది. ఆ తరువాత తన విద్యార్థులందరినీ సాక్షులుగా పిలిచింది. తేదీ, నాలుగో ప్రత్యక్ష సమావేశం జరగాల్సిన ఆదివారం.

కుమారిని మొదట పిలిచారు.

“బస్సులో మీరేమన్నారో యథాతథంగా చెప్పండి,” అంది హైమావతి.

కుమారి చెప్పింది. అప్పలస్వామి లేచి, “అధ్యక్షా, అది పూర్తి నిజం కాదండి. నేనన్నది వేరు” అన్నాడు. ఏమన్నాడో చెప్పాడు. నిందితుడైన దక్షిణామూర్తిగారు తన హక్కు వినియోగించుకుని అతన్ని ప్రశ్నించారు. సింహాచలం సాక్ష్యమిస్తూ బస్ షెల్టరు సంగతి ఎత్తాడు. అది విషయానికి సంబంధించినది కాదని ఒక సభ్యుడు అభ్యంతరం చెప్పాడు.

“ఎందుకు కాదు?” అన్నాడు రిజిస్ట్రారు. “మా అత్తవారి ఊళ్లో ఇదే గొడవ. బజారు షెడ్లు కట్టారు. ఒక్క బేరగాడు కూర్చోడు. నువ్వు చెప్పవయ్యా కండక్టరూ, మొత్తం చెప్పు.”

భోజనాల వేళ దాటిపోయింది. ఎవరో బిస్కెట్లు తెప్పించారు. అభ్యంతరం చెప్పిన సభ్యుడు కుర్చీ ముందుకు లాక్కుని, తమ జిల్లాలో ఏం జరిగిందో చెప్పాడు. హైమావతి అప్పుడప్పుడు ఒక ప్రశ్న వేసి, దారి తప్పినవాళ్లను వెనక్కి తీసుకొచ్చేది. ఆ పనిలో చేరిన నాటినుంచి ఆమె అంత బాగా పాఠం చెప్పిన రోజు లేదు. స్టెనోగ్రాఫరు వేళ్లు నొప్పెట్టేదాకా నమోదు చేశాడు. సాక్ష్యం ఆసాంతం చర్చావేదికలో ఉంచారు. దాని మీద మిగతావాళ్లు రాసిన వ్యాఖ్యల్లో “విచారణలో అన్నట్టు” అన్న మాట కనిపించినా, అది నమోదైన మూలమే కనుక చర్చామాపకం కిక్కురుమనలేదు.

విచారణ ఆ రోజు ముగియలేదు. మరుసటి నెలకు వాయిదా పడింది.

ఈలోగా నీలంవలస గ్రామసభ జరిగింది. అప్పలస్వామి తన భవనం తప్పుచోట కట్టామని నిలబడి చెప్పాడు. ఆ మాట చెప్పేటప్పుడు అతని మెడ ఎర్రబడింది. కాలనీ ఆడవాళ్లంతా వచ్చారు. తీర్మానం అయింది. పాత రీడింగ్ రూమ్‌కు సున్నం వేయించారు. పాలవాళ్లు కొత్త భవనం వరండాలో కేన్లు పెట్టుకోవడానికి ఒప్పుకున్నారు. టైల్స్ మీద పాలు ఒలికినా కడగడం తేలికని సంతోషించారు. సెంటరును కలిపేసే కాగితం ఆగిపోయింది.

తర్వాతి వాయిదాలో కుమారి ఈ సంగతంతా సాక్షిగా చెప్పింది.

“నిందితుడు ఏమైనా అడగదలచుకున్నారా?” అన్నాడు రిజిస్ట్రారు.

దక్షిణామూర్తిగారు లేచారు. “పిల్లలు వాళ్లంతట వాళ్లే నడిచి వస్తున్నారా తల్లీ?”

“నడిచే సారూ. ఒకడైతే మేకపిల్లని కూడా తోలుకొస్తన్నాడు. బయటే కట్టమంటే ఏడుస్తన్నాడు.”

ఆయన కళ్లజోడు తీసి, పంచె కొంగుతో చాలాసేపు తుడుచుకున్నారు. “ఇంకేమీ అడగవలసినది లేదు” అన్నారు. స్టెనోగ్రాఫరు మేకపిల్లతో సహా నమోదు చేశాడు.

ఆ విచారణ కోర్సు పూర్తయ్యేదాకా నెలనెలా సాగింది. అభియోగాలు వినిపించే అధికారిని విచారణ నడుస్తుండగా మార్చకూడదన్న నియమం ఉండటం వల్ల హైమావతి కాంట్రాక్టు ఆ వేసవిలో ఎవరూ అడగకుండానే పొడిగింపు పొందింది. కుమారి మంచి మార్కులతో పాసైంది. దక్షిణామూర్తిగారి తప్పు రుజువైంది. శిక్షగా ఆయన్ని డైరెక్టరు పదవి నుంచి తప్పించి, తరగతి గదికి పంపారు. ఆయన పాఠానికి స్లైడ్లు వాడటం మానేశారు. నోటిమాట నిషేధించిన సర్క్యులరును మాత్రం ఎవరూ రద్దు చేయలేదు. మూల్యాంకన బృందం దాన్ని మెచ్చుకుని వెళ్లింది. కొత్తగా వచ్చిన బ్యాచి ప్రత్యక్ష సమావేశాల్లో వీపులానించి కూర్చుని టైపు చేస్తోంది.

నెల తిరక్కుండానే ఆ బ్యాచి అంతా సంతకాలు పెట్టి రిజిస్ట్రారుకు ఒక దరఖాస్తు ఇచ్చారు. “అయ్యా, పై తరగతివారికి జరిగినట్లే మా మీద కూడా తగు విచారణ జరిపించగలరని ప్రార్థన. ఇందుకు ఏ తప్పు చేయవలెనో ముందుగా తెలియజేసినచో, వచ్చే ఆదివారమే అందరమూ కలిసి చేయగలము.”